వదిన పేరున వచ్చిన మాటలు

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి, వచ్చే వారం వాళ్ళమ్మ ఫోను నంబరు తీసేయిస్తున్నామనీ, అందులో నాకు కావలసినవేమైనా ఉంటే చెప్పమనీ అడిగింది. ఏమీ అక్కర్లేదని పెట్టేశాను గానీ ఆ పూట వంట మీద మనసు నిలవలేదు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడ మీద నా కోపం ఇంకా తగ్గలేదు. పోయిన మనిషి మీద కోపమేమిటని పిల్లలు విసుక్కుంటారు కనుక వాళ్ళ దగ్గర ఎత్తను. నా ఈడు వాళ్ళకైనా అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

వదిన అంటే మావారి అక్కగారు. తుని దగ్గర పల్లెటూరి నుంచి పెళ్ళై నేను ఢిల్లీ వచ్చేనాటికే ఆవిడ ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఒకే కాలనీలో, ఒకే వరసలో మా క్వార్టర్లు. నాకు హిందీ ఒక్క ముక్క రాదు, తెలుగైనా మాట్లాడడమే తప్ప చదవడం తెలియదు. తమ్ముళ్ళను ఎత్తుకుని తిరగడంతోనే నా బడి ఈడు దాటిపోయింది. కూరల బండి వాడితో "భయ్యా, ఠీక్ లగావో" అని ధర తగ్గించమని గదమాయించడం దగ్గర్నుంచి ఏ బస్సు ఎక్కడికి వెళుతుందో రంగును బట్టి పోల్చుకోవడం దాకా అన్నీ ఆవిడే నేర్పింది. మా అమ్మకు ఉత్తరాలు ఆవిడే రాసిపెట్టేది. నా రెండు పురుళ్ళకూ ఆఫీసుకు సెలవు పెట్టి ఆసుపత్రిలో నా మంచం పక్కన కింద పడుకున్నదీ ఆవిడే. వదిన భర్త పోయాక మరీ దగ్గరయ్యాం. రిటైరయ్యాక ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఎదురెదురు బ్లాకుల్లో ఇళ్ళు తీసుకున్నాం.

నాకు యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దించింది. "ఎన్నాళ్ళే నీకు ఊరికే గుమాస్తాగిరీ చెయ్యడం? పెన్షనైనా ఇవ్వవు" అని ఒక మధ్యాహ్నం నోటుపుస్తకం పట్టుకొచ్చి, చలికాలపు ఎండలో బాల్కనీలో కూర్చోబెట్టింది. తప్పు రాస్తే స్వెట్టరు అల్లే సూదితో వేళ్ళ మీద ఒకటి తగిలేది. నా అంతట నేను మొదటిసారి చదివింది మా ఇంటి ఊరగాయ జాడీ మీద ఆవిడ నాకు తెలియకుండా అతికించిపోయిన చీటీ. "మూత సరిగ్గా పెట్టవే మొద్దూ" అని ఉంది. కూడబలుక్కుని చదివి, ఏడుస్తూ నవ్వుతూ ఎదురు బ్లాకుకు పరుగెత్తాను.

అలా వచ్చిన చదువు కనుక రాసిన మాట అంటే నాకు చెప్పలేని గౌరవం. నోటితో అన్నది మారిపోవచ్చు గానీ, ఒక మనిషి కూర్చుని, తలుచుకుని, అక్షరం అక్షరం పేర్చి రాసిన దాంట్లో అబద్ధం ఉండదనుకునేదాన్ని. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకు ఈ వెర్రి ఉండదనుకుంటాను.

ఈ ఏడు చలి తగ్గే రోజుల్లో వదిన గుర్గావ్‌లో కూతురింట్లో నెలరోజులు ఉండివస్తానని బయల్దేరింది. వెళ్ళేటప్పుడు, "ఫోన్ చెయ్యకు, రాయి. రాస్తేనే నీకు చెయ్యి తిరుగుతుంది. చేశావంటే కట్ చేసేస్తాను చూసుకో" అంది. అదీ ఒక పాఠమే కాబోలనుకున్నాను. రోజూ వాట్సాప్‌లో రాసుకునేవాళ్ళం. "ఇక్కడి వంటమనిషి పప్పు నీ పప్పు కంటే ఘోరం. అంటే ఎంత ఘోరమో ఊహించుకో" అని ఒకరోజు. "నిన్న నాలుగు తప్పులు రాశావు, సూది దాచిపెట్టి ఉంచాను" అని మరోరోజు. నాలుగు మాటలు రాయడానికి నాకు అరగంట పట్టేది. రాసింది మావారికి చూపిస్తే, బాగుందని చెప్పి నడకకు వెళ్ళిపోయేవారు.

మూడో వారంలో ఆవిడ రాత మారింది. "భోజనం చేశావా. ఆరోగ్యం జాగ్రత్త. నేను బాగున్నాను." వెక్కిరింపు లేదు, తప్పులు పట్టడం లేదు. ఇక నా రాత కుదిరింది గాబోలు, వదిన నన్ను పెద్దదాన్ని చేసి మర్యాద ఇస్తోందని మురిసిపోయాను. ఆ ఆరు రోజులూ ఎంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

ఏడో రోజు పొద్దున మావారు వచ్చి, అక్కకు ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందని చెప్పారు. గుర్గావ్ వెళ్ళేసరికి హాల్లో పడుకోబెట్టి ఉంచారు. చేతి మీద నల్లగా కమిలిన మచ్చలేమిటని అడిగితే, చివరి గంటలో ఆసుపత్రికి తీసుకువెళితే సూదులు గుచ్చారన్నారు. నమ్మాను.

పదకొండో రోజు భోజనాల దగ్గర, ఊరి నుంచి వచ్చిన మా చిన్నత్తగారు విస్తరి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ, "ఆపరేషనన్న రోజే నాకు గుండె జారిపోయిందే. ఇరవై రోజులు ఆ ఆసుపత్రిలో ఎంత బాధపడిందో" అన్నారు.

"ఏం ఆపరేషనండీ?" అన్నాను.

"అదేవిటే! ఎదురెదురిళ్ళలో ఉంటూ నీకు తెలీదూ?"

తునిలో ఉన్నవాళ్ళకు తెలుసు. నాకు తెలియదు. గరిటె అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి మేనకోడల్ని పట్టుకుని అడిగాను. కడుపులో గడ్డ. తీసేస్తే పదిరోజుల్లో ఇంటికి పంపుతామన్నారు. తరువాత ఇన్‌ఫెక్షన్ సోకింది.

"నీకు చెప్పొద్దని మమ్మీ కసమ్ తీసుకుంది, ఒట్టు పెట్టించింది అత్తా, మై క్యా కర్‌తీ, నేనేం చెయ్యను? నువ్వొస్తే బెడ్ పక్కనే కూర్చుంటావు, నీ ముందు తను స్ట్రాంగ్‌గా ఉండలేనంది. ఇంటికొచ్చాక తనే చెప్పి నిన్ను నవ్విస్తానంది."

"ఒంట్లో అంత బాగాలేకపోయినా చివరి దాకా రాసిందే?"

మేనకోడలికి తెలుగు మాటలే గానీ రాత రాదు. అది తల తిప్పుకుని హాలు వైపు చూసింది. "మామయ్యని అడుగు" అంది.

ఇంటికి వచ్చాక మావారిని అడిగాను. ఆయన దాచలేదు. "గొట్టాలు పెట్టాక అక్క చెయ్యి లేవలేదు. రాత ఆగిపోతే నువ్వు బయల్దేరి వచ్చేస్తావని, నన్ను రాయమని ముందే ఒట్టు వేయించుకుంది. అమ్మాయి ఫోను తెచ్చి నాకిచ్చింది. లేచి వస్తుందనే అనుకున్నాను."

"ఎక్కడ కూర్చుని రాశారు?"

"కింద పార్కులో."

మా బాల్కనీలోంచి ఆ పార్కు కనిపిస్తుంది. నేను పైన కూర్చుని, "వదినా, నువ్వు లేక తోచడం లేదు, తొందరగా వచ్చెయ్" అని రాస్తుంటే, ఆయన కింద అక్కగారి ఫోను పట్టుకుని నాకు జవాబిచ్చారన్నమాట.

నలభై ఏళ్ళలో ఆవిడ మంచం పక్కన కూర్చునే వంతు నాకు ఒక్కసారి వచ్చింది. దాన్ని నాకు దక్కనివ్వలేదు. నన్ను ఏడిపించకూడదని చేసిందే కావచ్చు, కానీ ఏడవనివ్వవలసింది. ఆవిడ గొంతు విని ఉంటే ఒక్క మాటలో పట్టేసేదాన్ని. అది తెలిసే గొంతు వినిపించకుండా, తాను నేర్పిన అక్షరాలనే అడ్డం పెట్టింది. మావారిని కొంతవరకు క్షమించాను, ఒక ఇంట్లో ఉండాలి కనుక. ఆవిడను ఎలా క్షమించాలో తెలియడం లేదు, పోట్లాడడానికి మనిషి లేదు.

చదువు రాని రోజుల్లో, ఇంటి నుంచి ఉత్తరం వస్తే నేను కాగితం వంక చూసేదాన్నే కాదు, చదివే మనిషి మొహం చూసేదాన్ని. మా నాన్న పోయిన కబురు వదిన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. అక్షరాలు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఆ ఇరవై రోజులూ మావారు రెండు పూటలా నా ఎదురుగానే కూర్చుని భోజనం చేశారు. ఒక్కసారి తలెత్తి సరిగ్గా చూసి ఉంటే కనిపెట్టేసేదాన్నే. నేను కంచం పక్కన ఫోను పెట్టుకుని, వదిన ఏం రాసిందో చదువుకుంటూ ఉన్నాను.