జ్ఞానాంబ పాచి తొట్లు

పూతలపట్టు జ్ఞానాంబకు మొండితనం ఉగ్గుపాలతోనే వచ్చిందని ఊళ్లో అనేవారు. నిజమే మరి, లేకపోతే ఎవరైనా పనిగట్టుకుని పాచిని పెంచుతారా?

ఎనభైల నాటి మాట. ఆ ఇంట్లో గోబర్ గ్యాస్ గుంత ఉండేది. రెండు పాడి ఎనుముల పేడతో గ్యాసు పొయ్యి బాగానే వెలిగేది. కరువులో ఒక ఎనుము చచ్చిపోయింది. రెండోదాని పేడతో కాఫీ కాగేలోపే మంట ఆరిపోయేది. అత్త వరదమ్మ మళ్లీ కట్టెల పొయ్యి రాజేసి ఇనప ఊదుగొట్టం అందుకుంది. ఇంకొన్నాళ్లు పొగలో కూర్చుంటే చూపు దక్కదని తిరుపతి డాక్టరు చెప్పనే చెప్పాడు. కానీ తన చేత్తో వండనిదే ఆమెకు ముద్ద దిగదు. పొయ్యి ముందు నుంచి ఆమెను లేపడం ఎవరి తరమూ కాలేదు.

ఒకరోజు జ్ఞానాంబ ఎనుము నీళ్ల తొట్టి గీకి, ఆ పచ్చటి పాచిని దూరం మోసుకుపోవడానికి బద్ధకించి పేడతోపాటు గుంతలో పడేసింది. కొన్నాళ్లకు మంట కాస్త ఎక్కువసేపు నిలిచింది. మళ్లీ వేసి చూసింది, మళ్లీ నిలిచింది. ఇక ఆగుతుందా? పగిలిన తొట్లు తెచ్చి, అతుకులేసి, నీళ్లలో కాస్త పాచి వేసి ఎండలో పెట్టింది. గుంతలోంచి బయటికొచ్చే పేడనీళ్లు వడగట్టి, గానుగ దగ్గర బెల్లం పెనం కడిగిన నీళ్లతో కలిపి పాచికి మేతగా పోసింది. మొగుడు మునిరామయ్యకు తల కొట్టేసినట్టయింది.

"పాచి గీకే ఆడోళ్లను సూసినాను గానీ, పెంచేదాన్ని నిన్నే సూసినా."

"మీయమ్మ కండ్లు నిలబడితే సాలు. అందాక నవ్వుకో పో."

తొట్లు పచ్చబడ్డాయి. పాత చీరగుడ్డతో వడగడితే దోసెడు పాచి వచ్చేది. అంతలో తిరుచానూరు పంచమీ తీర్థం దగ్గరపడింది. ఇంటికి సున్నం కొట్టించిన వరదమ్మ, మిగిలిన సున్నంనీళ్లు తెచ్చి పాచి తొట్లన్నిట్లో పోసేసింది. అమ్మవారి పండగపూట పెరట్లో పాచి ఉంటే అరిష్టమని ఆమె భయం. తెల్లారేసరికి పచ్చదనమంతా చచ్చి అడుగుకు దిగింది.

జ్ఞానాంబ తొట్ల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత లేచి వాటిని కడిగింది. ఎనుము తొట్టి మూలలో మిగిలిన కాస్త పాచిని గోటితో గీరి కొత్త నీళ్లలో వేసింది.

"అత్తా, పాచి పోయినా మళ్లా వస్తాది. నీ కండ్లు పోతే రావు," అంది.

మాఘమాసానికి సంగటి ఉడికేదాకా గ్యాసు మంట నిలిచింది. ఆ పూట వరదమ్మ చేతిలో ఊదుగొట్టం ఉంది, ఊదడానికి పొయ్యిలో కట్టె లేదు. అట్లాగే పెరట్లోకి పోయింది. ఆ గొట్టంతోనే తొట్లలోని పాచినీళ్లు కలపసాగింది.

"అమ్మే, ఈ తొట్టిలో పచ్చన రోంత తగ్గినట్టుండాది, సూడు."

ఆ తేడా అత్త కంటికి ఆనినందుకు మురిసిపోతూ జ్ఞానాంబ ఆ తొట్టిలోకి పేడనీళ్లు తెచ్చి పోసింది.