పులిసిన బియ్యం గిన్నెతోని విచారణకు పోయిన

మొన్న పొద్దుగాల మా మనుమరాలు పేపరు చదువుకుంట, ఎండతోని, గాలితోని పుట్టే కరెంటు మీద కమిషనోళ్లు విచారణ పెడుతున్నరట అమ్మమ్మా, ఎవరికేం చెప్పుకునేదున్నా పోయి చెప్పొచ్చునట అన్నది. ఆ మాట చెవిన పడంగనే నా పానం మెట్టుగూడల మా పిండిగిర్ని కాడికి, ఊరిచుట్టు కంప్యూటర్ కంపెనీలు లేస్తున్న ఆ దినాలకు ఉరికింది. నాకు రాయరాదు, నేను చెప్తుంటే ఇది సుత ఆ పిల్లనే రాస్తున్నది.

మా ఆయన కాలం చేసిన ఏడాదే కరెంటుకు ఏం రోగమొచ్చిందో, చెప్పకుంట చేయకుంట పోయేది. గోధుమలైతే రెండు దినాలైనా ఆగుతయి గానీ, సకినాలకు, అరిసెలకు నానబోసి తెచ్చిన బియ్యం ఆగుతయా? సగంల మోటరు ఆగితే తడిపిండి రాళ్ల నడుమ బిగుసుకపోయేది, గంపల ఉన్న బియ్యం పులిసేవి. మా వెనకింటి వదిన ఒకనాడు అందరి ముందల, "ఏం వదినా, నీ గిర్నిల పెట్టినంక మా బియ్యం కల్లు వాసనొస్తున్నయి, సకినాలు చుట్టాల్నా, తాగి పండాల్నా?" అని ఎత్తిపొడిచింది. నేను సుత నవ్విన గానీ, అప్పటికే సగం మంది మౌలాలి దిక్కు జనరేటరున్న గిర్నికి పోవట్టిరి. నాకు, నా ఇద్దరు ఆడపిల్లలకు ఈ గిర్ని తప్ప వేరే ఆధారం లేదాయె.

గసొంటప్పుడే, ఇప్పటి లెక్కనే కమిషనోళ్లు గాలి కరెంటు మీద పెట్టిన విచారణ సంగతి తెలిసి, ఆ దినం పులిసిన బియ్యమే స్టీలు గిన్నెల పోసుకొని పోయిన. ఆడ ఫ్యాక్టరీలోళ్లు, కంప్యూటర్ కంపెనీలోళ్లు ఫైళ్లు పట్టుకొని, కరెంటు ఒక్క నిమిషం పోయినా మిషన్లన్ని ఆగిపోతయని, గాలి కరెంటును నమ్ముకుంటే గాలి లేనినాడు ఎట్లని చెప్తుంటే, ఇంత పెద్దోళ్ల తక్లీఫ్ సుత నా తక్లీఫేనా అనిపించింది. నా వంతు రాంగనే కాయితం ఏదన్నరు. గిన్నె మూత తీసి బల్ల మీద పెట్టిన. వాసనకు కొందరు నవ్విండ్రు. నడుమల కూసున్న పెద్దసారు మాత్రం నవ్వలే. గిన్నెల చెయ్యిపెట్టి, నాలుగు గింజలు నలిపి చూసి, ఇవి ఎంతసేపు ఆగుతయమ్మా అని అడిగిండు. "ఎండకాలమైతే రెండు గంటలు సుత ఆగయి సారూ. కరెంటు తీసేదుంటే తీయుండ్రి, ఎప్పుడు తీస్తరో ముందుగాల చెప్పుండ్రి, మేం దాన్ని చూసే నానబోసుకుంటం" అన్న. ఫ్యాక్టరీలోళ్ల మాటలు రాయించినట్టే నా మాటలు సుత పొల్లుపోకుంట రాయించిండు, ఎంత చదివిన మనిషో.

నెల తిరగకముందే సబ్‌స్టేషన్ గేటుకు నల్లబోర్డు కట్టి, కరెంటు తీసే గంటలు దినాము సుద్దముక్కతోని రాసుడు షురూ చేసిండ్రు. నాకు అంకెలొచ్చినయంటే ఆ బోర్డు చూసే. బస్తీల ఆడోళ్లందరు ఆ గంటలకే బియ్యం నానబోసేది. మౌలాలి పోయినోళ్లు ఒక్కొక్కరే మర్లొచ్చిండ్రు, గిర్ని నిలవడ్డది, దాని మీదనే నా పిల్లల పెండ్లిళ్లు చేసిన.

ఇప్పుడు కరెంటు పోనే పోదు, ఎవరి పుణ్యమో గానీ మంచిదే. మోండా మార్కెట్ల పిండి సంచులల్ల దొరుకుతున్నది, సకినాలు సుత చేసినయే కొంటున్నరు. తడి బియ్యం గంప చంకల పెట్టుకొని, వదినా జెర జల్ది పట్టియ్యవా అని అడిగేటోళ్లు లేక, పండుగ ముందటి దినం సుత నేను గిర్నిల ఊకనే కూసుంటున్న.