అమ్మ కుడికన్ను

శ్రావణమాసం మూడో గురువారం, పొద్దున పదకొండు కొట్టేదానికి ఇంకా ఐదు నిమిషాలుండాయి. ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియోలో కంప్యూటరు ముందర మా అక్కా, ఆమె కోడలూ, నేనూ కూర్చోనుండాం.

నాకు మూడేండ్లప్పుడు మా అమ్మ పోయింది. మొగం గుర్తు లేదు. ఇంట్లో మిగిలింది ఒకే ఫోటో. దాన్ని పాడు చేసింది చెదలు కాదు, మేమే. ఏటా పెద్దల అమావాస్యకు దానికి తడి కుంకుమ పెట్టి మొక్కుకుంటాం. పటం అద్దం పగిలినంక కొత్తది ఎయ్యకుండా కాగితం మీదనే పెడతా వచ్చినాం. కుంకుమ కారి కారి నొసలు పోయింది, కుడికన్ను పోయింది. భక్తి ఉండింది గానీ బుద్ధి లేకపాయ.

అమ్మ మొగం ఎరిగిన మనిషి ఇంక ఒకతే, జమ్మలమడుగులో ఉండే మా అక్క. అమ్మ పోయేనాటికి ఆమెకు పన్నెండేండ్లు. ఆమెకూ చూపు తగ్గిపోతాంది. ఎక్కువ దినాలు నిలవదని పులివెందులలో కంటి డాక్టరు చెప్పేసినాడు. బాగుచేసిన ఫోటో చూసి ‘ఇదే అమ్మ’ అని ఆమె ఇప్పుడే చెప్పాల. అందుకే కోడలు చెయ్యి పట్టుకోని బస్సెక్కి వచ్చింది.

స్టూడియో ఆయప్ప తెర మీద ఫోటో పెద్దది చేసి చూపించినాడు. నున్నటి నొసలు, చక్కటి రెండు కండ్లు. నాకు శానా నచ్చింది. అక్క తెరకు ముక్కు తగిలేంత దగ్గరికి పోయి చూసింది.

“ఎవురప్పా ఈమె?”

“మీ అమ్మే అవ్వా.”

“కాదు. ఈ కుడికన్ను యాడిది నీకు?”

“ఆ కన్ను చెరిగిపోయింది గదా. ఎడమకన్నునే తిప్పి ఈడ పెట్టినా.”

“మా అమ్మకు కుడికన్ను మెల్ల.”

నాకు కోపమొచ్చింది. ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా ఆ మాట చెప్పలేదు. “మెల్లా లేదు, గిల్లా లేదు. బాగుండాది, ఉండనీ” అన్నా.

“నీకేం తెల్సుమే, చంకలో దానివి. నీకు పాలిస్తాంటే ఒక కన్ను నీ మీద, ఒక కన్ను పొయ్యి మీద ఉండేది.”

ఆయప్ప నవ్వు ఆపుకోలేకపోయినాడు. అక్కా నవ్వింది. నేను నవ్వలేదు.

నిజం చెప్తా, నాకు ఆ చక్కటి మొగమే కావాలనిపించింది. అయితే నేను ఊ అంటే ఆ చక్కనామె మా ఇంట్లో అమ్మగా నిలిచిపోతాది. మా అమ్మ, అక్క చూపుతోపాటే పోతాది.

“అక్క చెప్పినట్లు చెయ్యప్పా” అన్నా.

“ఇంకొంచెం ముక్కు దిక్కు జరుపు... అంతొద్దు, ఎక్కిరిస్తాన్నట్లుండాది” అని అక్క చెప్తా ఉంటే ఆయప్ప దిద్దుతా పోయినాడు. గంట పట్టింది. ఉన్నట్టుండి “చాలు” అనింది అక్క. చెయ్యి చాపి తెర తడిమింది. ఆయప్ప వద్దనలేదు.

నేనూ చూసినా. నాకు ఎవురో తెలీని మనిషి. ఏడుపు రాలేదు. అక్క మాట నమ్మినా, అంతే.

అచ్చు తీసిచ్చిన ఫోటో ఎనకాల, ఆ పొద్దు ఆడ ఉన్నోళ్లను రాయమంది అక్క. నాకు అక్షరాలొచ్చింది యాభై దాటినంక, నిదానంగా రాసినా: పెద్దకూతురు, పెద్దకూతురి కోడలు, స్టూడియో అప్ప, చిన్నకూతురు. చదివి వినిపిస్తే, “అమ్మను యాడ ఇడిసిపెడితివే?” అనింది. అందరికంటే పైన, ఉన్న కాస్త జాగాలో, అమ్మ అని రాసినా.