కింది ఇంటికి దిగిన వేడినీళ్లు

సండూరులో మా అపార్ట్‌మెంటు మిద్దె మీద నీళ్లు కాగడానికి సోలార్ పలకలున్నాయి. వాటి మీద ఖనిజం లారీల ఎర్రదుమ్ము ఎంత పేరుకున్నా తుడిచే దిక్కు లేదు. కాగిన ఆ కాసిని నీళ్లనూ పై అంతస్తులవాళ్లు తెల్లవారేసరికి ఖాళీ చేసేవారు. అన్నిటికంటే కింది ఇల్లు మాది. మా అత్త రోజూ కొళాయి తిప్పి, ధార కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది.

"గ్యాస్ మీద కాగబెడతా అత్తా" అంటే వినేది కాదు. "సోలార్ ఉండాది కదమ్మా, వస్తాయిలే" అనేది. చివరికి ఆ చన్నీళ్లే పోసుకుని వణుక్కుంటూ బయటికొచ్చేది. పైవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా, "ఏం చేయాలక్కా, పిల్లోళ్ల స్కూలుకు టైమైతాది" అనేవారు.

పోయిన చలికాలం ఆమె చనిపోయింది. శవానికి వేడినీళ్లతో స్నానం చేయించాలి. శవమున్న ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఆవరణలో కట్టెల పొయ్యి పెట్టొద్దన్నారు అపార్ట్‌మెంటువాళ్లు. ఆ పొద్దు మాత్రం పైవాళ్లెవరూ కొళాయి తిప్పలేదు. "ముసలమ్మకు కావాల కదా, మేం వాడలేదక్కా" అని ఒకామె నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

మా కొళాయిలోంచి బిందెలోకి పొగలు కక్కుతూ నీళ్లు దిగాయి.

"బాగా కాలతాండాయి, చన్నీళ్లు కలుపు" అన్నారెవరో.

నేను కలపలేదు.