ఎర్నెస్టీన్ వెలిగించిన మొదటి దీపం

ట్రినిడాడ్‌లోని మా వీధిలో, చర్చి పాటలకు పెద్దదిక్కైన ఎర్నెస్టీన్ ముప్పై ఏళ్లుగా పొరుగింటి సుఖ్‌దేయీ వాళ్ల దీపావళికి వెదురుబద్దలు వంచి వాటిపై ప్రమిదలు నిలుపుతోంది. మొదటి దీపం మాత్రం ఆమెకు ఎన్నడూ దక్కలేదు. పూజ వరకు ఉపవాసమున్నవారే దానిని వెలిగించాలి.

ఈసారి వారిద్దరే ఉపవాసమున్నారు. సాయంత్రం ఎర్నెస్టీన్ వంటింటి నుంచి మసాలా వాసన రాగానే సుఖ్‌దేయీ వచ్చి నిలదీసింది.

"పండగపూట కోడి వండావటే?"

"సోయా ముక్కలే తల్లీ. నేనింకా ముట్టలేదు. అనుమానముంటే రుచి చూడు."

సుఖ్‌దేయీ రెండు ముక్కలు నమిలింది.

"సోయానే. ఉప్పు తగ్గిందే."

"మరి నీ ఉపవాసమో?"

సుఖ్‌దేయీ నమలడం ఆపింది.

"ఇందుకేనా వండావు, దొంగమొహమా?"

"నేను పిలిచానా? నువ్వే వచ్చావు."

సుఖ్‌దేయీ మొదటి దీపానికి అగ్గిపెట్టెను ఎర్నెస్టీన్ చేతిలో పెట్టి, కూరగిన్నెను మాత్రం తనింటికి పట్టుకుపోయింది.