చెక్క మీద గోనె

“ఆ గోనెలు విప్పి ఇవ్వు సత్తెమ్మా. మూటలు చుట్టడానికి సంచుల్లేవు.”

“ఇయ్యను సారూ. వాన పడ్డది. చెక్క జారుతది.”

“ఇన్నేళ్లలో ఒక్కరైనా పడ్డారా?”

“గోనె ఉన్నది కాబట్టే పడలె.”

ఇవాళ స్నానాల గది గడపలో నేను పరిచిన గోనె తడిసి వాసన తగలగానే, గుమస్తాకూ సత్తెమ్మక్కకూ నడిచిన ఆ మాటలు మళ్ళీ వినపడ్డాయి. బజారులో కాళ్లు తుడుచుకునే మంచి పట్టలు దొరుకుతుంటే ఈ పాత సంచి ఎందుకని కోడలు గొణుగుతుంది. నాది పిసినారితనం అనుకుంటుంది. అదీ ఉంది.

ఎల్బీనగర్‌లో ఒక పార్శిల్ ఆఫీసులో మూటలు మోసే ఆడవాళ్లకు సత్తెమ్మక్క పెద్ద. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కొత్తలో నేనూ అక్కడే చేరాను. అరుగు మీద నుంచి లారీలోకి ఏటవాలుగా ఒక చెక్క వేసేవారు. దాని మీద గోనెలు పరిచి సుతిలి తాడుతో బిగించడం పొద్దున్నే ఆమె మొదటి పని. మంచి సంచులు తొక్కి పాడుచేస్తున్నారని చేరిన రోజే అన్నాను. “గోనె చినిగితె కుట్టుకోవచ్చు పిల్లా. నీ నడుము ఇరిగితె ఎవడు కుడతడు? కాళ్లు తుడుచుకో. ముందటామె దిగినంక నువ్వెక్కు,” అంది. రెండో తరగతిలో బడి మానేసిన నాకు ఆ తర్వాత చదువు చెప్పింది ఆమే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బందు నాడు దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు ఖాళీ. బందు తీరగానే సరుకు కప్పుదాకా పేరుకుపోయేది. గుమస్తా గోనెలు అడిగిన ఆ రోజూ అంతే. మర్నాడు మళ్ళీ బందని విని గుమస్తా కంగారుపడుతున్నాడు. అతనిది కోస్తా. మాలో ఒకామె “ఆంధ్రోడు గంతే” అంది. సత్తెమ్మక్క కసిరింది: “జారే చెక్క గీడ పుట్టినోళ్లను ఇడిచిపెడతదా? నోరు మూస్కొని సుతిలి పట్టు.”

గుమస్తా తనే వచ్చి సుతిలి కోసి గోనెలు లాగేసుకున్నాడు. “లారీ కదలకపోతే మీ కూలీ పోతుంది, నా ఉద్యోగం పోతుందమ్మా,” అన్నాడు. ఎవరమూ కదల్లేదు. ఆమె మా మొహాలు చూసింది. “పిల్లలకు ఏం పెడతరే?” అని, మూట ఎత్తించుకుని తనే ముందు ఎక్కింది. సగందాకా పోయింది. మూట పడ్డ చప్పుడు విన్నాం. చూసేసరికి అరుగు అంచు మీద ఆమె నడుము. దవాఖానకు తీసుకుపోవడానికి ఆటోలోకి ఎత్తుతుంటే “ఒక్కొక్కరే ఎక్కుండ్రి,” అంటూనే ఉంది. మళ్ళీ ఎన్నడూ లేచి నిలబడలేదు. చూసుకోకుండా నడిచిందని ఆఫీసులో చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున బందు లేదన్నారు. లారీ వచ్చి అరుగుకు ఆనింది. నా తలమీదికి మూట ఎత్తారు. కాళ్లు తుడుచుకుందామని చూస్తే గోనె లేదు. ఎక్కాను.