అమావాస్య సెలవు

వైశాఖం వచ్చిందంటే మా సింధనూరు వైపు ఎవరు కలిసినా రెండే మాటలు: ఎండ, ధాన్యం. కాలువ కింద రెండో పంట కోతలు అప్పుడే. నేను సింధనూరులో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాను. ఆ రోజుల్లో గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. తేమ చూడడం, తూకం చీటీలు రాయడం, రైతుల కోపాలు వినడం, వీటితోనే పొద్దు గుంకుతుంది. బస్సెక్కి జవళగేర చేరేసరికి జుట్టునిండా ఊక, గొంతునిండా దుమ్ము. ఇంటి దగ్గర మా ఆయనకి కోత మిషను కోసం వేరే తిరుగుళ్లు. ఇన్ని పనుల మధ్య నేను కథలు రాస్తానంటే మా చుట్టాల్లో సగం మంది నవ్వుతారు. మిగతావాళ్లు జాలిపడతారు.

నవ్వకుండా, జాలిపడకుండా "ఇప్పుడేం రాస్తున్నవ్?" అని అడిగే మనిషి ఒక్కతే ఉంది. రాయచూరు బజారులో వాళ్ల అత్తగారిది బట్టల దుకాణం. ఒకసారి బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. నా చేతిలోని వారపత్రికలోకి కాసేపు తొంగిచూసి, "అయిపోతే జర ఇస్తవా?" అంది. అలా మొదలైంది మా స్నేహం. ఆమె కూడా రాస్తుందని తర్వాత తెలిసింది. గిరాకీ లేని మధ్యాహ్నాలు చీరల పెట్టెల మూతలు తిరగేసి వాటిమీద నవల రాసేది. మా తాత కాలువ భూముల కోసం కోస్తా నుంచి వచ్చినవాడు. ఆమెవాళ్లు తరతరాలుగా రాయచూరువాళ్లే. నా తెలుగు విని ఆమె నవ్వుతుంది, ఆమె తెలుగు విని నేను. రోజూ ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. ముందు ఎండ సంగతి, తర్వాత పని సంగతి, ఆఖరున కథ సంగతి.

ఈ ఏడు ఎండలు ముదురుతుండగా నేనొక పెద్ద కథ పూర్తిచేసి ఆమెకు పంపాను. అందులో ముసలామె బట్టల దుకాణం నడుపుతుంది. భర్త పోయిన నెలలోనే తలుపులు తెరిచి గద్దె మీద కూర్చుంటుంది. బజారు నానా మాటలూ అంటుంది. చివరికి ఆ గద్దె మీదే ప్రాణం వదులుతుంది. ఈ సంగతి నాకెక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. నా స్నేహితురాలు తన అత్తగారి గురించి ఎప్పుడో మనసు విప్పి చెప్పిందే; చావు ఒక్కటే నేను కల్పించింది. రాస్తున్నంతసేపూ నాకది తప్పనిపించలేదు. పంపాక అనిపించింది.

ఆమె చదివినట్టు ఫోను చూపించింది. మాట మాత్రం లేదు. నేను ఫోను చేస్తే, "గిరాకీ ఉందే, ఎనుక మాట్లాడ్త" అని పెట్టేసేది. ఎండ గురించి కూడా మాట్లాడకుండా పెట్టేసిందంటే కోపమేనని తేల్చుకున్నాను. మిల్లులో చీటీల మీద అంకెలు తప్పుతున్నాయి. మా యజమాని, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. ఒక కథ కోసం ఉన్న ఒక్క స్నేహాన్నీ పోగొట్టుకున్నానా అని లోపల ఒకటే గుబులు.

అమావాస్య పొద్దున ఆమే ఫోను చేసింది. "ఇయ్యాల దుకాణం బంద్. అమాస నాడు పెండ్లి బట్టలు ఎవరు కొంటరు? నేను మీ ఊరికొస్తున్న" అంది. గొంతులో ఏముందో పట్టుకోలేకపోయాను. హమాలీలు అమావాస్య రోజు బస్తా ముట్టరు కాబట్టి మా మిల్లుకీ సెలవే.

మిట్టమధ్యాహ్నం తడి తువ్వాలు తలమీద వేసుకుని బస్సు దిగింది. "ఏం ఎండనే తల్లీ! మీ కాడ కాలువ ఉంది గద, జర నయమనుకున్న. గీడ గూడ పెనం మీద ఏసినట్లే ఉంది" అంటూ ఇంట్లోకొచ్చి మజ్జిగ తాగి, కాళ్లు చాపుకుని కూర్చుంది. పెళ్లిళ్ల కాలం గురించి చెప్పుకుపోతోంది. ఒక్క చీరకి ఇంటిల్లిపాదీ వస్తారట, ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చదట, మడతలు పెట్టీ పెట్టీ భుజాలు లాగేస్తున్నాయట. నేను ఆగలేకపోయాను.

"కథ చదివావా?"

"చదివిన. మా అత్తకు గూడ చదివి వినిపించిన."

"ఎందుకే అలా చేశావు? ఏమన్నారావిడ?"

"వక్క నములుకుంట ఇన్నది. ఎనుక అడిగింది: 'ముసల్ది సచ్చిపాయె, మంచిగనే ఉంది. మరి దుకాణం ఎవరు చూస్తుండ్రు?' అని."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. "కోపం రాలేదా?"

"కోపమెందుకు? బజార్ల అందరి నోట్ల నానిన మాటలే గద. నువ్వు జర మర్యాదగ రాసినవన్నది."

"మరి నువ్వు ఫోనులో మాట్లాడవేం? నేనేమైపోయాననుకున్నావు!"

"అయ్యో పిచ్చిదానా! పనిచేసే పిల్లలిద్దరు వాళ్లిండ్లల్ల పెండ్లిండ్లని పోయిండ్రు. అన్నం తిననీకి ఫుర్సత్ లేదు నాకు. నువ్విట్ల పరేషాన్ అయితవని నాకేమెరుక?" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. అన్నాళ్ల గుబులూ ఆ దెబ్బతో దిగిపోయింది.

కథ సంగతి తీరిగ్గా పట్టుకున్నాం. ముసలామె చావడం నాకు తేలికైన దారి అని ఆమె వాదన. ముగింపు తోచక చంపేశానట. "బతికి ఉండనియ్యి. కోడలితోని కొట్లాడనియ్యి. గప్పుడు కథ నడుస్తది" అంది. నేను ఒప్పుకోవడానికి మొరాయిస్తుండగానే గదిలో వెలుతురు పసుపు రంగుకి తిరిగింది.

పెరటివైపు నుంచి మా ఆయన కేక: "ఇదిగో, మబ్బు లేచింది! బరకాలు పట్టుకురండి!"

కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉంది. ఇద్దరం పరుగెత్తాం. "బరకాలంటే ఏందే?" అని పరుగులోనే అడిగింది. వసారాలో చుట్టిపెట్టిన నీలం పట్టాలు చూపించాను. "తాడపాల్ అనరాదూ!" అంటూ ఒకటి భుజానికెత్తుకుంది. దుమ్ము లేచి కళ్లు కనిపించడం లేదు. మా ఆయన ధాన్యం పోగుచేస్తుంటే మేం కప్పుతున్నాం. గాలికి పట్టా తెరచాపలా లేస్తోంది. "చెల్లెమ్మా, ఆ మూల తొక్కిపట్టు!" అని అరిచాడాయన. రాళ్లు తెచ్చేదాకా ఆమె రెండు కాళ్లతోనూ ఆ మూల మీద నిలబడింది, కొంగు మొహానికి కొడుతున్నా కదల్లేదు. చింతగింజలంత వడగళ్లు నాలుగు రాలాయి. ఇంక అయిపోయిందనుకున్నాం.

అంతలో గాలి మళ్లింది. మబ్బు ఏటివైపు జరిగిపోయింది. పట్టా ఎత్తి మా ఆయన మోచేతిదాకా ధాన్యంలోకి చెయ్యి దూర్చి తీశాడు. పొడిగా ఉంది. అక్కడే చతికిలబడ్డాడు. పక్క చేలో ఇంకా కోయని వరి కూడా పడిపోలేదని చూసి వచ్చాక టీ పెట్టమన్నాడు.

వసారాలో చల్లగాలికి కూర్చుని తాగాం. ఆమె జుట్టులోంచి పొట్టు ఏరుతూ, "నువ్వన్నదే నిజం, ముసలామెను చంపను" అన్నాను. "బతికించినవ్ పో" అని గ్లాసు కింద పెట్టింది. నాలుగున్నర బస్సుకి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి మళ్లీ గిరాకీ.

మిగిలిన చేనూ కోసి, ధాన్యం బస్తాలకెత్తి మిల్లుకు పంపిన సాయంత్రమే అసలు వాన పడింది. కళ్లం ఖాళీగా ఉంది. ఎవరం పరుగెత్తలేదు. మా ఆయన, నేను వాకిట్లో నిలబడి నిమ్మళంగా తడిశాం.